ఒరేయ్, మీ చెల్లి పులుసు దొరికిందిరా!

ఒరేయ్ బొమ్మిడాయ్,

ఏటిరా, ఎలాగున్నావు? నీ మెసేజ్‌కి రిప్లై లేటైంది, ఏమనుకోకు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పీసే సంగతి కాదిది, అందుకే ఖాళీ చూసుకుని కూర్చుని టైప్ చేస్తున్నా. ముందు మామూలు కబుర్లు గబగబా చెప్పీస్తా: అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, అయినా ఆదివారం వస్తే అరసవిల్లి మానదు. మీ ఇంటి గేటుకి రంగు వేయించాను, నీలం రంగే, ఆకుపచ్చ ఎందుకు వద్దన్నానో నీకు తెలుసు, గోడకి చెవులుంటాయి, ఇక్కడ రాయను. పిల్లలు బాగున్నారు. వానలు పడుతున్నాయి. అంతే.

ఇంక అసలు సంగతి. ఆ పులుసు దొరికిందిరా! బారువ పులుసు!

నీకు వేరే చెప్పాలా, మా ఇంటికొచ్చిన ప్రతిసారీ వినీవాడివి కదా, "దేవతల పులుసు" అని పేరు కూడా నువ్వే పెట్టావు. మీ చెల్లి చిన్నప్పుడు మా మావయ్యగారు బారువలో స్కూలు మాస్టారు కదా, సెలవు రోజుల్లో పొద్దున్నే కూతుర్ని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళేవారట. వేట నుంచి వచ్చినవాళ్ళు అక్కడే ఇసకలో మూడు రాళ్ళు పెట్టి వండుకునేవారు, మాస్టారి పాప అని ఈవిడికి కూడా ఆకులో ఇంత అన్నం, ఇంత పులుసు వేసి పెట్టేవారు. పోపు లేదు, మసాలా లేదు, నూనె తేలదు. అలాంటి రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదంటుంది. మావయ్యగారు పోయాక ఆ మాట ఇంకా ఎక్కువైంది. ప్రతి పెళ్ళిరోజుకీ తనే వండుతుంది, మాది మే నెల కదా, ఆ ఎండల్లో పొయ్యి దగ్గర నిలబడి అంత కష్టపడి వండి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "ఊహూ, ఇది కాదు" అని గిన్నె మా వైపు జరిపీడం. నువ్వూ తిన్నావు కదా ఒకసారి, బాగుందంటే నీ మీద కోప్పడింది.

ఈసారి మేలో ఆఫీసులో ట్రాన్స్‌ఫర్ల గొడవతో ఎక్కడికీ కుదర్లేదు, అందుకని జూన్ నెలాఖర్లో పిల్లల్ని అమ్మ దగ్గర ఉంచి మేమిద్దరం కళింగపట్నం వెళ్ళాం. దారిలో శ్రీకూర్మంలో దర్శనం, తాబేళ్ళు చూడ్డం, లైట్‌హౌస్ దగ్గర ఫోటోలు, అన్నీ అయ్యాయి. వంశధార సముద్రంలో కలిసే చోట మాత్రం చాలాసేపు నిలబడ్డాం, ఏటి నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి, సముద్రం వాటిని ఒక పట్టాన లోపలికి రానివ్వదు, ఒక గీత గీసినట్టు అక్కడే... సరే, అది వచ్చినప్పుడు నువ్వే చూద్దువుగాని.

రాత్రికి రిసార్ట్‌లోనే రెస్టారెంట్, బయట సరుగుడు చెట్ల కింద టేబుళ్ళు. మెనూ ఇస్తే అన్నీ మామూలువే, అపోలో ఫిష్, చిల్లీ ప్రాన్స్, తందూరీ పాంఫ్రెట్. మీ చెల్లి మెనూ మూసీసి సర్వర్ కుర్రాణ్ణి "ఇవాళ పడవలకి ఏం పడింది బాబూ?" అని అడిగింది. పాపం ఆ కుర్రాడు లోపలికెళ్ళి వంటాయన్నే తీసుకొచ్చీసాడు. యాభై దాటుంటాయి, భుజం మీద తువ్వాలు, చేతిలో బకెట్టు. బకెట్లో పీతలు, బతికున్నవి, గోళ్ళు తాడుతో కట్టీసి ఉన్నాయి. ఒకదాన్ని తిరగేసి "ఇది మగది తల్లీ" అన్నాడు, ఆయన చెప్పీలోపే ఈవిడ ఇంకోటి తిరగేసి పొట్ట చూపించి "ఇది ఆడది, గుడ్డుంటుంది" అంది. నాకప్పుడే చూపించారు ఇద్దరూ కలిసి, పొట్ట మీద మడత సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. ఆయన మొహం వెలిగిపోయింది. "ఏ ఊరమ్మా మీది?" "బారువ." అంతే, ఇంక నేను ఆ టేబుల్ దగ్గర లేనట్టే! ఆ ఒడ్డు, ఆ కొబ్బరి తోటలు, ఎవరి మేనమామ ఎవరికి ఏమవుతాడో, అరగంట. నాకు ఎంత ముచ్చటగా ఉందంటే, మనింట్లో ఈవిడ అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చుంటుంది కదా, ఇక్కడ కుర్చీలో కాళ్ళు మడిచి కూర్చుని నవ్వుతోంది, మన జలుమూరు బస్సులో నవ్విన నవ్వు గుర్తుందా, సరిగ్గా అది.

అప్పుడు అడిగింది పులుసు సంగతి. ఆయన వెంటనే "పడవ మీద మావు వండుకునీదా?" అన్నాడు. ఒరేయ్, ఆయన చాలా ఏళ్ళు గుజరాత్ వెరావల్‌లో బోటు మీద వంటవాడట! నువ్వు సూరత్‌లో ఉన్నావని చెప్తే గుజరాతీలో ఏదో అన్నాడు, నాకేం తెలుస్తుంది, నువ్వుంటే భలే ఉండీది. మనవాళ్ళు ఎంతమంది వెళ్తారో నీకు తెలుసు కదా, నెలల తరబడి ఆ బోటే ఇల్లు.

ముందు పీతలు వచ్చాయి, ఇగురు. ఈవిడ స్టీలు గ్లాసు అడుగుతో గోరు మీద ఒక్క దెబ్బ, పెంకు రెండుగా చీలింది, లోపలి కండ చిట్లకుండా మొత్తం ఒకే ముక్కగా లాగి నా ప్లేట్లో పెట్టింది. నేను ఎంత ప్రయత్నించినా పెంకు ముక్కలే వస్తాయి, అందుకని నాకు తనే ఒలిచి పెట్టింది, తనూ తింది, వేడిగా ఉండగానే, ఎవరికీ వడ్డించక్కర్లేకుండా.

తర్వాత పులుసు. సత్తు గిన్నెతోనే తెచ్చి పెట్టాడు. కానాగంతలు, మరీ పెద్దవి కావు, కొయ్యకుండా నిలువునా వేసీసాడు, వీపు మీద నల్లచారలు కూడా చెదరలేదు, ఒకదాని తోక పులుసులోంచి పైకి నిక్కి ఉంది. పులుసు పల్చగా, ఇటికరాయి రంగు, పైన నూనె అన్న మాటే లేదు. మీ చెల్లి వేలితో కొంచెం నాకింది. నేను "ఊహూ" కోసం చూస్తున్నా. ఏమీ అనలేదు. అన్నంలో కలిపింది, ముద్ద పెట్టుకుంది, నా చెయ్యి పట్టీసుకుని "ఏవండీ, ఇదేనండీ! ఇదే!" అని ఒక్క అరుపు, పక్క టేబుళ్ళవాళ్ళు అందరూ ఇటు తిరిగారు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, నవ్వుతోంది, తింటోంది. నేనూ తిన్నాను. ఎలా చెప్పాలిరా, ముందు చింతపండు పులుపు తగుల్తుంది, వెనకాల కారం, ఆ రెండూ తగ్గాక చేప రుచి మిగుల్తుంది, తియ్యగా. తియ్యగా అంటే బెల్లం తీపి కాదు... నువ్వు తింటే గాని తెలీదు.

ఆయన్ని మళ్ళీ పిలిచి ఎలా చేసావు అని కూర్చోబెట్టీసింది. ఏముంది, చింతపండు పులుసులో ఉప్పు, కారం, పసుపు వేసి పచ్చివాసన పోయీదాకా మరిగించి, చేత్తో నలిపిన ఉల్లిపాయ, చీల్చిన పచ్చిమిర్చి వేసి, ఆఖర్న చేపలు వేసి కాసేపు ఉంచి దింపీడమే. గరిట పెట్టకూడదు. "బోటు మీద గరిటెందుకు తల్లీ, కెరటమే తిప్పీస్తాది" అన్నాడు!

"నేనూ అలాగే చేస్తాను, రాలేదెప్పుడూ" అంది ఈవిడ. "ఎప్పుడు వండీదానివి?" అన్నాడు. "మా పెళ్ళిరోజుకి, మేలో." ఆయన తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మే నెల్లో ఏటొస్తాది తల్లీ! అప్పుడు ఏటకెవుడెల్తాడు?"

చూసావా! మన తూర్పు తీరం మొత్తం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. తెప్పల మీద వెళ్ళేవాళ్ళు తెచ్చే కాసిని తప్ప ఆ రోజుల్లో మన మార్కెట్లో దొరికేది ఎక్కువగా ఐసు చేపే. "ఐసు సేపకి మసాలా ఉండాల, ఒడ్డు సేపకి ఉప్పు సాలు" అన్నాడు. మసాలా వేస్తే ఎలాగో తేలిపోయేది, ఈవిడ మసాలా లేకుండా వండుతుంది, దాంతో ఐసు వాసన బయటపడీది. ఇన్నేళ్ళూ చింతపండు మార్చింది, కారం మార్చింది, మట్టి దాక కొంది, చెయ్యి సరిగ్గానే ఉంది, చేపే కాదు! ఇది తెలిసినప్పుడు దాని మొహం చూడాల్సింది. గెలిచినట్టు ఉంది.

వెరావల్ ఎందుకు మానీసావని నేనే అడిగాను, అడక్కుండా ఉండాల్సిందేమో. 2018 చివర్లో మన జిల్లావాళ్ళు, విజయనగరంవాళ్ళు అక్కణ్ణుంచి వేటకెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కారు కదా, ఆ సీజన్లో ఈయన కూడా అక్కడే, వేరే బోటు మీద. 2020 జనవరి 6న 20 మందిని వాఘా దగ్గర అప్పగించీదాకా వాళ్ళ ఊళ్ళల్లో ఆడవాళ్ళు పడిన బాధ చెప్తుంటే మేమిద్దరం చెయ్యి ఎండిపోయినా అలాగే కూర్చున్నాం. ఇంక వెళ్ళొద్దని వాళ్ళమ్మ ఒట్టు వేయించుకుందట. ఇక్కడ జీతం తక్కువే, కానీ రాత్రికి ఇంటికెళ్తాను అన్నాడు. ఆ గిన్నె అంచుకి అంటిన పులుసు కూడా ఈవిడ వేలితో తుడిచి తినీసింది, ఆయన చూస్తుండగానే.

మీ చెల్లి తీర్మానం ఏంటంటే, ఇకనుంచి మా పెళ్ళిరోజు భోజనం జూన్ 15 దాటాకే. నువ్వు వచ్చే ఏడాది సెలవు అప్పుడే పెట్టుకో, మీ ఆవిడకి కూడా చెప్పు, వంకలు వద్దు. ఈలోపు ఆదివారం బందరువానిపేట ఒడ్డుకెళ్ళి చేప తెచ్చి అమ్మకి వండి పెడతానంటోంది, అమ్మేమో పోపు లేకుండా పులుసేంటే అని ఇప్పట్నుంచే...

ఇంకా బిల్లు దగ్గర పెద్ద కథ ఉందిరా, ఆ పులుసు మెనూలో లేదు కదా, మేనేజర్‌కి ఏమని కొట్టాలో తెలీలేదు, అప్పుడు మీ చెల్లి లేచి... అబ్బా, స్కూలు ఆటో వచ్చీసింది, చిన్నదానికి ఒక చెప్పు కనబడ్డం లేదు, ఉంటాను, రాత్రికి ఫోన్ చెయ్యి!

నీ
పెదబాబు