ఇంటికి 300 ఎంబీపీఎస్ దేనికి?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక విప్పగానే లోపలి నుంచి రంగుల కరపత్రం ఒకటి జారి పడింది. అది మీరు వేసింది కాదు, పేపరు కుర్రాడు మధ్యలో దోపింది. అయినా మీ పత్రికతో పాటే మా ఇంట్లోకి వచ్చింది కాబట్టి జవాబు మీకే రాస్తున్నాను. ఇంట్లో నలుగురు దాటితే 300 ఎంబీపీఎస్ (అంటే సెకనుకు 300 మెగాబిట్ల వేగం) ఇంటర్నెట్ ఉండాల్సిందేనని దాని సారాంశం. మా ఇంట్లో ఆరుగురం. ఆ లెక్కన ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చామో మరి.

నేను కరెంటు శాఖలో హెల్పరుగా చేరి, ముప్పై మూడేళ్ల తర్వాత లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. ఇంటర్నెట్ నా సబ్జెక్టు కాదు కానీ లోడు నా సబ్జెక్టు. కొత్త సర్వీసుకు ఎవరైనా దరఖాస్తు పెడితే ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు, ఫ్రిజ్ ఉందా, ఏసీ ఉందా, నీళ్ల మోటారు ఎన్ని హెచ్‌పీ అని రాసుకుని కూడేవాళ్లం. అది కనెక్టెడ్ లోడు. పది కిలోవాట్లు మంజూరు చేయించుకున్నంత మాత్రాన ఫ్యాను ఎక్కువ వేగంగా తిరగదు. ఈ చిన్న ముక్క ఇంటర్నెట్‌కి కూడా వర్తిస్తుందని తెలియడానికి నాకు ఆరు నెలలూ 4,248 రూపాయలూ ఖర్చయ్యాయి.

మాకు మొదట ఉన్నది 40 ఎంబీపీఎస్ ప్లాను. నెలకు 399, మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 471. మా అబ్బాయి విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. వెనక గదిలో తలుపేసుకుని మీటింగులో కూర్చుంటే మధ్యలో మాట తెగిపోయేది. ఆదివారం రాత్రి అమెరికా నుంచి అమ్మాయి వీడియో కాల్ చేస్తే దాని ముఖం గళ్లు గళ్లుగా విడిపోయేది. "ఏటండీ, పిల్ల నోరు ఆడతంది గానీ మాట రాదేటి" అని మా ఆవిడ నా మీద విసుక్కునేది, ఆ తీగ నేనే లాగినట్టు.

ఫిర్యాదు చేస్తే కంపెనీ తరఫున ఒక ఏజెంటు వచ్చాడు. రూటరు, అంటే ఇంట్లో వైఫై ఇచ్చే డబ్బా, ఎక్కడుందో చూడలేదు, వెనక గదిలోకి తొంగిచూడలేదు. హాల్లో కుర్చీలో కూర్చునే, "మీది పాత ప్లాను సార్, 200కి మారిపోండి" అన్నాడు. నెలకు 999, జీఎస్టీతో 1,179. ఆరు నెలలది ఒకేసారి కట్టాలన్నాడు. 7,074 కట్టాను. మర్నాటి నుంచి వెనక గదిలో అదే గోల.

ఇంటర్మీడియట్ చదివే మా మనవరాలు తన ఫోనులో స్పీడ్ టెస్టు చేసి చూపించింది. రూటరు పక్కన పెడితే 170 దాటింది. వెనక గదిలో ఏడు. ఆ యాప్‌లో పాత టెస్టులు కూడా దాచి ఉంటాయట. వెనక్కి వెళ్లి చూస్తే 40 ప్లాను రోజుల్లోనూ ఆ గదిలో ఏడే! నెలకు 708 రూపాయలు అదనంగా కట్టి నేను కొనుక్కున్న వేగం హాలు గుమ్మం దాటలేదన్నమాట.

అప్పుడు విషయం బుర్రకెక్కింది. మా రూటరు హాల్లో ఒక మూల, టీవీ వెనక, నేల మీద ఉంది. వెనక గదికి అక్కణ్ణుంచి రెండు తొమ్మిదంగుళాల గోడలు, వాటి మధ్యన మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇనప బీరువా అడ్డం. మా భాషలో దీన్ని వోల్టేజి డ్రాప్ అంటాం. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర అంతా బాగానే ఉంటుంది, లైను చివరి ఇంట్లో మాత్రం బల్బు మినుకు మినుకుమంటుంది. అలాంటి చోట ఆ ఇంటివాడికి ఎక్కువ లోడు రాయించుకోమని సలహా ఇస్తే నాకు మెమో వచ్చి ఉండేది.

వైఫైలో సాధారణంగా రెండు రకాల తరంగాలు ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడ అడ్డం వస్తే నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది కాస్త దూరం పోతుంది, వేగం తక్కువ. పైగా ఆ రెండోదాని మీదే ఇరుగుపొరుగు రూటర్లన్నీ కొట్టుకుంటాయి, వంటింట్లో మైక్రోవేవ్ వేసినా దానికి ఇబ్బందే. మా వీధిలో ఫోను తెరిస్తే పద్నాలుగు ఇళ్ల వైఫై పేర్లు కనబడతాయి. కొన్ని పేర్లు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

కేబుల్ కుర్రాణ్ణి బతిమాలి పొడుగు ఫైబర్ వైరు తెప్పించి, కేసింగ్ కొట్టి, రూటరుని ఇంటి మధ్యలో నడవా గోడ మీద ఏడడుగుల ఎత్తున పెట్టాను. స్టూలు ఎక్కింది నేనే, పట్టుకుంది మా ఆవిడ. మూలల దగ్గర కరెంటు వైరులా మడవబోతే ఆ కుర్రాడు కేకేశాడు: "తాతగారూ, లోపల గాజు పోగండీ, విరిగిపోద్ది!" మొత్తం ఖర్చు 350 రూపాయలు. వెనక గదిలో ఏడు కాస్తా నలభై దాటింది.

సరే, 200 తీసుకున్నాం కదా, అసలు మేం వాడేదెంత అని చూడబుద్ధయింది. మీటరు రీడింగులతో గడిపిన ప్రాణం, ఊరుకోదు. ముందు లోడు రాశాను. మాది ఫుల్ హెచ్‌డీ టీవీ, దానికి 5 ఎంబీపీఎస్ చాలని నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెబుతున్నారు. 4కే టీవీ ఉన్నవాళ్లకి 15. అబ్బాయి మీటింగుకి హెచ్‌డీ వీడియో పెట్టినా నాలుగు లోపే. మనవరాలి పాఠాల వీడియోకి మూడు వేశాను, కోడలి ఫోనుకి మూడు. మా ఆవిడ ఫోనులో ప్రవచనాలు వింటుంది, అది మాట మాత్రమే కాబట్టి లెక్కలోకే రాదు. నా ఫోనులో వార్తలు. మనవడి గేముకి ఒకటి కూడా ఎక్కువే. గేటు దగ్గర సీసీ కెమెరాకి రెండు. అన్నీ ఒక్కసారే నడిచినా ఇరవై చేరడం కష్టం. అన్నీ ఒక్కసారి నడవవు కూడా.

తర్వాత రూటరు లోపలి పేజీ తెరిచి, ఆ క్షణంలో ఎంత దిగుతోందో చూడటం మనవడు నేర్పాడు. వారం రోజులు రాత్రి ఎనిమిదిన్నరకి, అంటే ఇంట్లో అందరూ ఉండే వేళకి, పాత డైరీలో రాసుకున్నాను. సోమవారం నుంచి వరసగా 9, 14, 11, 22, 8, 17, 12. ఇరవై రెండు వచ్చిన రోజు ఇద్దరి ఫోన్లలో అప్‌డేట్లు దిగుతున్నాయి. అప్‌డేట్‌కి మాత్రం ఎంత ఉంటే అంత లాగే గుణం ఉంది. ఒక మధ్యాహ్నం అబ్బాయి లాప్‌టాప్ 130 దాకా లాగింది. ఏ వేగమైతేనేం, అందరం పడుకున్నాక అది దిగినా ఎవరూ ఏడవరు.

ఈ అంకెల దగ్గర జనం మోసపోయామనుకునే చోటొకటి ఉంది. మా పక్కింటి మాస్టారు తన 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సినిమా డౌన్‌లోడ్ పెడితే కంప్యూటరు 5 అని చూపించిందట. "నలభై అన్నావు, ఐదిస్తావా" అని బిల్లు కుర్రాడి కాలరు పట్టుకున్నంత పని చేశారు. ప్లానులో చెప్పేది మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో కనపడేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఐదు ఎనిమిదులు నలభై, లెక్క సరిపోయింది. లెక్కల మాస్టారికి లెక్క చెప్పాల్సి వచ్చినందుకు నాకే మొహమాటమేసింది. బిల్లు మీద ఈ ఒక్క లైను ఏ కంపెనీ అయినా అచ్చేస్తే ఎన్ని గొడవలు తగ్గేవో.

ఎక్కువ వేగం ఎవరికీ అక్కర్లేదని నేననను. మా వీధి చివర పెళ్లిళ్లకి వీడియోలు తీసే కుర్రాడున్నాడు. ఒక్క పెళ్లి పూర్తయ్యేసరికి 60 జీబీ పార్టీకి పంపాలి. అప్‌లోడు 20 ఉంటే దానికి ఆరు గంటల నలభై నిమిషాలు. 100 ఉంటే గంటా ఇరవై నిమిషాలు. ముహూర్తాల సీజనులో అతనికి అది అన్నం పెట్టే విషయం. అతను 200 తీసుకున్నా 300 తీసుకున్నా న్యాయమే. కానీ చూడండి, అతనికి కావలసింది పంపే వేగం. కరపత్రంలో అరచేయంత అక్షరాల్లో ఉన్నది దిగే వేగం. పంపేది ఎంతో బూతద్దం పెట్టి వెతికినా కనపడలేదు.

ఇక మా మనవడు. "తాతా, నా గేము లాగ్ అవుతోంది, స్పీడ్ పెంచు" అని వాడి గోల. గేముకి కావలసింది వేగం కన్నా ఆలస్యం లేకపోవడం. వీడు బటను నొక్కిన కబురు అక్కడికి పోయి రావడానికి పట్టే సమయం, దాన్నే పింగ్ అంటున్నారు. అది 50 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలు. వైఫైతో పని లేకుండా వాడికి రూటరు నుంచి నేరుగా ఒక ల్యాన్ తీగ లాగి ఇచ్చాను. గోల సగం తగ్గింది, మిగతా సగం ఓడిపోయినప్పుడు వచ్చేది.

ప్రభుత్వం లెక్క ఇంకో చివర ఉంది. 2004లో బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కేబీపీఎస్, అంటే ఒక ఎంబీపీఎస్‌లో సుమారు పావు వంతు అన్నారు. తర్వాత 512 చేశారు. 2023 నుంచి కనీసం 2 ఎంబీపీఎస్. రెండుతో ఇవాళ ఒక్క మనిషి మీటింగు కూడా సరిగా సాగదు. అటు ప్రభుత్వం చెప్పే రెండుకీ ఇటు కరపత్రం చెప్పే మూడు వందలకీ మధ్యలో మామూలు ఇల్లు ఎక్కడుందో ఎవరూ చెప్పరు. 2017 డిసెంబరులో మన రాష్ట్ర ఫైబర్‌నెట్ ప్రారంభించినప్పుడు 149 రూపాయల ప్లానులో ఇచ్చింది 15 ఎంబీపీఎస్. ఆ కేబులు మా కరెంటు స్తంభాల మీదే లాగారు. అప్పట్లో అదే మాకు మహాభాగ్యం. నలుగురైదుగురున్న ఇంటికి 30 నుంచి 50 చాలని నా డైరీ చెబుతోంది. 4కే టీవీలు రెండు మూడుంటే వంద పెట్టుకోండి.

ఇంతకీ మమ్మల్ని నిజంగా ఏడిపించింది వేగం కాదు. ఆ ఆరు నెలల్లోనే, మొన్న వానాకాలంలో చెట్టు కొమ్మ విరిగి కేబులు తెగింది. డబ్బా మీద ఎర్ర లైటు. మూడు రోజుల నాలుగు గంటలు వెలిగింది. అన్నాళ్లూ మా 200 ప్లాను సున్నాయే. అబ్బాయి ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుని మేడ మీద మెట్ల దగ్గర కూర్చుని పనిచేశాడు. ఫోను చేసిన ప్రతిసారీ టికెట్ రైజ్ చేశాం సార్ అన్నారు. మా శాఖలో పట్టణంలో ఫ్యూజ్ ఆఫ్ కాల్, అంటే ఫ్యూజు పోయి కరెంటు లేదన్న ఫిర్యాదు, వస్తే నాలుగు గంటల్లో సరిచేయాలని నిబంధన ఉంది. అన్నిసార్లూ చేశామని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను గానీ, గడువు తప్పితే సంజాయిషీ ఇచ్చుకునే భయం ఉండేది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి స్తంభాలన్నీ పడుకున్నప్పుడు రాత్రిళ్లు రోడ్ల మీదే ఉన్నాం. ఒక్క కొమ్మకి మూడు రోజులా?

అందుకే మీ పత్రిక ద్వారా టెలికం కంపెనీలను అదుపు చేసే ట్రాయ్‌కీ, కంపెనీలకీ నేనడిగేది ఒక్కటే. నెల బిల్లు మీద ఆ నెల లైను ఎన్ని గంటలు పోయిందో అచ్చు వేయండి. డబ్బా వెలిగిందో లేదో మీ కంప్యూటర్లకి తెలుసు, కొత్త మీటరు కూడా అక్కర్లేదు. అప్పుడు మేం అంకె చూసి ప్లాను ఎంచుకుంటాం. ఇక పాఠకులకి ఒక మనవి. వేగం పెంచుకునే ముందు రూటరు ఏ బీరువా చాటున ఉందో ఒకసారి చూడండి. కరెంటు పోతే రూటరు ఆగకుండా చిన్న యూపీఎస్ దొరుకుతుంది, పెంచిన ప్లాను డబ్బు కన్నా దానికి పెట్టిన డబ్బు ఎక్కువ పనిచేస్తుంది.

ఆరు నెలలు మధ్యలోనే 40కి తగ్గించమని అడిగితే గడువు తీరేదాకా కుదరదన్నారు. గడువు తీరిన రోజే వెళ్లి తగ్గించుకొచ్చాను. అది జరిగి రెండు నెలలు దాటింది. అబ్బాయి మీటింగులు సాగుతున్నాయి, అమెరికా అమ్మాయి ముఖం గళ్లు కట్టడం లేదు. మనవడికి మాత్రం తగ్గించిన సంగతి ఇంకా చెప్పలేదు. మీరు ఈ ఉత్తరం వేస్తే తెలుస్తుంది, అప్పుడు గేము మళ్లీ లాగ్ అవడం మొదలవుతుందేమో చూడాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్,
గవరపాలెం, అనకాపల్లి.