పాముకాటు మందు మండలంలోనే ఉండాలి: విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

మా ఇంటి పద్నాలుగేళ్ల పిల్ల కట్లపాము కాటుకు చనిపోయింది. ఇచ్చిన అర్జీలకు జవాబు రానందున ఈ లేఖను పదిమంది ముందు పెడుతున్నాం.

కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. వాపు రాదు, గాటు సరిగా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు. తర్వాత రెప్పలు వాలిపోతే నిద్రమత్తు అనుకుంటాం. మింగుడు పడదు, మెడ నిలవదు, చివరికి ఊపిరి ఆగుతుంది. మా పిల్లకు రెప్పలు వేలితో ఎత్తినా నిలవలేదు. తెలివి మాత్రం ఉంది, పిలిస్తే మా చెయ్యి నొక్కింది. మొదట చేర్చిన చోట మందు లేదని నగరానికి పంపారు. దారిలోనే పోయింది.

పాముకాటు మందు (విషానికి విరుగుడు ఇంజెక్షన్) మొదటి మోతాదు 10 వయల్స్, అంటే 10 చిన్న సీసాలు. పిల్లలకైనా అంతే, పాము ఎక్కించే విషం మనిషి బరువును బట్టి తగ్గదు కదా. సెలైన్‌లో కలిపి అరగంట నుంచి గంటలోపు ఎక్కించాలి. రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ పక్కనే ఉండాలి. కట్లపాము విషం నరాలకు పట్టాక మందొక్కటే చాలదు, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కుతూనే విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ దాకా తీసుకెళ్లాలి. అది నేర్చిన మనిషి రాత్రి డ్యూటీలో లేకపోతే బీరువాలో బ్యాగ్ ఉండీ దండగే.

2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని 2024లో కేంద్రం ప్రణాళిక ప్రకటించింది.

భీమిలి, పద్మనాభం, ఆనందపురం, పెందుర్తి మండలాల్లో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ 20 వయల్స్ తగ్గకుండా ఉంచండి. నిల్వ ఎంతుందో రోజూ గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. విష లక్షణాలున్న ఎవరినీ మొదటి మోతాదు మొదలుపెట్టకుండా పంపరాదని వానలకు ముందే రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
విశాఖ గ్రామీణ ప్రాంతపు ఒక కుటుంబం