అత్తయ్యగారి కప్పు సంగతి

ఒరేయ్ మావా,

ఫోన్లో చెప్తే స్పీకర్ పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. నువ్వొక్కడివే చదువుకో. అత్తయ్యగారి చెవిన మాత్రం పడనీకు.

పోయిన సంక్రాంతికి ఆవిడకి గులాబీల కప్పూ సాసరూ పంపాను చూడు, ఇక్కడి పాత సామాన్ల సంతలో నాలుగు పౌండ్లకి కొన్నవి. స్టీలు గ్లాసు అటకెక్కించి రోజూ అందులోనే కాఫీ తాగుతున్నారని నువ్వంటే తెగ మురిసిపోయాను. అడుగున 'బోన్ చైనా' అని ఉంటే కంపెనీ పేరేమో అనుకున్నాన్రా!

మొన్న ఆదివారం స్టోక్ ఆన్ ట్రెంట్ వెళ్ళాను. ఇంగ్లండ్ పింగాణీకి పుట్టిల్లు లాంటి ఊరు. అక్కడ లాంగ్టన్‌లో గ్లాడ్‌స్టోన్ అనే పాత కార్ఖానాని మ్యూజియం చేశారు. పెద్ద పెద్ద సీసాలు నిలబెట్టినట్టు ఇటుక బట్టీలు. ఒకప్పుడు ఊరంతా ఇవే, ఆకాశం కనిపించనంత బొగ్గు పొగ. 1956లో పొగ మీద చట్టం వచ్చాక ఆరిపోతూ వచ్చాయి. చివరిసారి వెలిగించింది 1978లో, అదీ జ్ఞాపకానికి.

అసలు సంగతి అక్కడే తెలిసింది. 'బోన్ చైనా' అనేది ఒక రకం పింగాణీ పేరట. ఆ కప్పులో దాదాపు సగం ఎముకల బూడిదట మావా! పశువుల ఎముకలు కాల్చి, పొడి చేసి కలుపుతారు. మిగతాది కార్న్‌వాల్ నుంచి తెచ్చే తెల్లమట్టీ, ఒక రకం రాయీను. ఆ బూడిద వల్లే అంత తెలుపు, అంత గట్టిదనం. దీపానికి అడ్డం పెడితే వేళ్ళ నీడ కనిపిస్తుంది, గోటితో కొడితే కంచులా మోగుతుంది. నాకు మాత్రం కడుపులో దేవింది.

ఈ పాళ్ళు కుదిర్చిన ఘనత ఎక్కువగా ఆ ఊళ్ళో పింగాణీ కార్ఖానా నడిపిన స్పోడ్ కుటుంబానిదే అంటారు. తండ్రీ జొసయా, కొడుకూ జొసయానే. తండ్రి పాత్రల మీద నీలిరంగు బొమ్మలు అచ్చువేయడంలో ఘనుడు, 1797లో పోయాడు. కొడుకు ఈ మట్టిని పూర్తిగా లొంగదీసి వ్యాపారాన్ని ఎక్కడికో తీసుకెళ్ళాడు. 1833లో అది కోప్‌లాండ్ వాళ్ళ చేతికెళ్ళింది. తరాలు గడిచాక 2008లో దివాలా తీసింది. ఆ ముక్క చదువుతుంటే, ఎముకల సంగతి మర్చిపోయి బాధేసింది.

అన్నట్టు, మన కప్పు అడుగున 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉందా చూడు. ఉంటే మరీ పాతది కాదు, బహుశా ఇరవయ్యో శతాబ్దానిది. ఉత్త 'ఇంగ్లండ్' అనే ముద్ర దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం 1891లో అమల్లోకి వచ్చాకే మామూలైంది.

ఇంతకీ ఆవిడకి చెప్పాలా వద్దా? గుడ్డు ఉడికిన వాసనొస్తేనే వీధిలోకి వెళ్ళే మనిషి. శంఖం మాత్రం ప్రాణి ఒంటిదే కదా, దానికి లేని మైల దీనికెందుకని వాదిద్దామనుకున్నాను. ఆవిడ ముందు నిలబడి అనే ధైర్యం నాకు లేదు, నీకుందా?

జత కప్పు కావాలని అడుగుతున్నారన్నావు. పంపనా, మాననా? వెంటనే రాయి.

నీ
మావ