తాబేలు డిప్పలోనే ఉండిపోదు

సంపాదకులకు నమస్కారం.

మనశ్శాంతి కావాలంటే కొన్నాళ్లు ఇల్లూ ఉద్యోగమూ వదిలి, ఫోను కట్టేసి ఏదైనా ఆశ్రమంలో గడపాలని మీ ఆధ్యాత్మిక పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. వెళ్లగలిగినవారు వెళ్లడం మంచిదే. కానీ దేవుడికి దగ్గరగా బతకడానికి అదొక్కటే దారి అన్నట్టు రాయడం నాకు నచ్చలేదు. సెలవు దొరకనివాళ్లు, పాడి పశువులున్నవాళ్లు, మంచం పట్టిన అత్తగారిని చూసుకుంటున్న కోడళ్లు ఏం కావాలి? వాళ్లకు శాంతి రాసిపెట్టి లేదా?

నేను ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. శ్రీకాకుళం నుంచి కూర్మనాథస్వామి గుడి ఉన్న శ్రీకూర్మం వెళ్లే బస్సులో చాలాకాలం డ్యూటీ చేశాను. ఆ బస్సులో అన్ని రకాల మనసులూ ఎక్కుతాయి. పెళ్లయిన కొత్త జంట ఒక సీట్లో, తండ్రి అస్థికలు గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని గుడి కోనేరు శ్వేతపుష్కరిణికి తీసుకెళ్లే కొడుకు వెనక సీట్లో. అతని దగ్గర టిక్కెట్టు డబ్బులు అడగడానికి నోరు రాదు, అడక్క తప్పదు. అవతల చిల్లర కోసం ఒకాయన కేకలేస్తుంటాడు. మా డ్రైవరన్న బండి తీసే ముందు స్టీరింగు ముట్టుకుని కళ్లకద్దుకునేవాడు. ఇంజను స్టార్టు చేశాక ఇక దారి తప్ప ఆయనకు మరో ధ్యాస ఉండేది కాదు. ఎవరెన్ని మాటలన్నా హారన్ ఒక్కసారి ఎక్కువ కొట్టడం నేను చూడలేదు. నేను ఆయన్ని చూసే నేర్చుకున్నాను. ఎవరైనా తూలనాడితే ఒక్క క్షణం ‘కూర్మనాథా’ అనుకుని, ఆ తర్వాతే చిల్లర లెక్కపెట్టేవాణ్ణి.

శ్రీకూర్మంలో స్వామి తాబేలు రూపంలో, పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే ఆ గుడికి తూర్పున ఒకటి, పడమట ఒకటి రెండు ధ్వజస్తంభాలు. గీత రెండో అధ్యాయం 58వ శ్లోకంలో స్థితప్రజ్ఞుడి గురించి, అంటే దేనికీ చలించని మనసున్నవాడి గురించి చెబుతూ, తాబేలు అవయవాలను లోపలికి ముడుచుకున్నట్టు అతను ఇంద్రియాలను విషయాల నుంచి వెనక్కి తీసుకుంటాడంటాడు కృష్ణుడు. ఈ శ్లోకం పట్టుకునే చాలామంది లోకానికి దూరంగా పొమ్మంటారు. నాకు మాత్రం రోజూ అక్కడి తాబేళ్లను చూస్తే వేరే సంగతి తోచేది. ముడుచుకున్న తాబేలు అలాగే ఉండిపోదు. అలికిడి పోయాక తల బయట పెడుతుంది, తన పని మీద తను నడుస్తుంది. ఆ కూర్మమే కదా క్షీరసాగర మథనంలో మందర పర్వతాన్ని వీపున మోసింది! దేవతలు ఒకవైపు, రాక్షసులు ఒకవైపు లాగుతుంటే కింద కదలకుండా ఉన్నది ఆయనే. కృష్ణుడు కూడా అక్కడితో ఆగలేదు. 64వ శ్లోకంలో, రాగద్వేషాలు విడిచి, అదుపులో ఉన్న ఇంద్రియాలతో విషయాల మధ్య తిరుగుతూనే మనిషి ప్రసన్నత పొందుతాడన్నాడు. తిరుగుతూనే! కండక్టరుకు ఇంతకంటే ఏం కావాలి?

సన్యాసం తీసుకున్నవారైనా లోకం పని వదల్లేదనడానికి సాక్ష్యం కూడా ఆ ఊళ్లోనే ఉంది. ద్వైత మతాచార్యులు మధ్వాచార్యుల శిష్యులు నరహరి తీర్థులు కళింగ రాజ్యపాలనలో బాధ్యతలు మోసినవారు. శ్రీకూర్మంలో యోగానంద నరసింహుడికి ఆయన గుడి కట్టించినట్టు 1281 నాటి శాసనం చెబుతోంది. రాజ్యం లెక్కలూ, దైవచింతనా ఒకే మనిషిలో ఇమిడాయి.

మా బావమరిదిది మా జిల్లాలోనే కొబ్బరితోటలుండే ఉద్దానం ప్రాంతం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ ఒక్క రాత్రిలో అతని కొబ్బరితోట దాదాపు మొత్తం నేలకూలింది. తాత నాటిన చెట్లవి. నేను వెళ్లేసరికి ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు. అతను వాకిట్లో పడిన మొద్దులు పక్కకు నెడుతున్నాడు. నన్ను చూసి, “సెట్లు పడిపోనాయి గానీ నేల ఎక్కడికీ పోనేదు కదా బావా. దీపమెట్టుకుని గోతులు తవ్వడమే,” అన్నాడు. కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఏళ్లు పడుతుందని అతనికి నాకంటే బాగా తెలుసు. అప్పు ఉంది, బాధా ఉంది. కాని దేవుడి మీద కోపం లేదు, దేవుడు చేసిపెడతాడని చేతులు ముడుచుకోవడమూ లేదు. పొద్దున దీపం, తర్వాత పలుగు. అతను ఏ శిబిరానికీ వెళ్లలేదు. రాత్రి మాత్రం నిద్రపోతున్నాడని మా చెల్లెమ్మ చెప్పింది. నేను శాంతి అంటున్నది దాన్నే.

అందుకే అడుగుతున్నాను. మీ పేజీలో ప్రవచనాలతో పాటు ఇలాంటివాళ్ల మాటలూ వారానికొకటైనా వేయండి. వరిచేలో, డయాలసిస్ వార్డులో, వంటింట్లో, బస్సులో దేవుణ్ణి వదలకుండా పని చేసుకునేవాళ్లు మన జిల్లాలో ఊరూరా ఉన్నారు. విలేకరులు వెతకనక్కర్లేదు, టీ కొట్టు దగ్గర కూర్చుంటే చాలు.

పాఠకులకు మరో మాట. శ్రీకూర్మం వెళితే ఆవరణలోని నక్షత్ర తాబేళ్లను ఫొటోల కోసం ఎత్తి పట్టుకోవద్దు. ఎత్తితే భయంతో ముడుచుకుపోతాయి. కాస్త దూరంగా కూర్చోండి. వాటంతట అవే తల బయట పెడతాయి.

– ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టరు, శ్రీకాకుళం