ల్యుకేమియా పిల్లలకు మాత్ర మొదలుపెట్టే ముందే జన్యు పరీక్ష చేయించండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు నెలల తరబడి రోజూ ఇచ్చే మందు 6-మెర్కాప్టోప్యూరిన్. అది శరీరంలో విషంగా పేరుకోకుండా చూసే ఎంజైములు రెండు: టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15. మన దేశంలో రెండో ఎంజైమును తయారుచేసే జన్యువులో మార్పులే ఎక్కువ. కాబట్టి టీపీఎంటీ ఒక్కటే చూసి సరిపెట్టుకుంటే మన పిల్లల్లో చాలామందిని వదిలేసినట్టే.

ఒంటి ఉపరితలం 0.7 చదరపు మీటర్లున్న బిడ్డకు మామూలు డోసు సుమారు 50 మి.గ్రా., అంటే రోజుకో మాత్ర. ఎన్‌యూడీటీ15 జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్న బిడ్డకు అదే మాత్ర వారానికి ఒక్కటి చాలు: నాలుగు ముక్కలు చేసి, వారంలో నాలుగు రోజులు ఒక్కో ముక్క. ఈ తేడా తెలియక పూర్తి డోసు ఇస్తే తెల్లకణాలు పడిపోతాయి, జ్వరం, ఇన్ఫెక్షన్ వస్తాయి, మందు ఆపాల్సి వస్తుంది. పదేపదే ఆపితే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది.

జబ్బు తేలిన వారంలోనే రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి పంపాలి. ఎంజైమ్ పరీక్ష వద్దు, జన్యు పరీక్షే కావాలి. ఎంజైమును కొలిచేది ఎర్రకణాల్లో, రక్తం ఎక్కించిన బిడ్డలో అవి దాతవి. ఫలితం మామూలుగా వచ్చినా రక్తకణాల లెక్క మానకూడదు.

ఈ పరీక్ష ఖర్చు ఆరోగ్యశ్రీ ప్యాకేజీలోనే ఉండేలా, ఫలితం మొదటి మాత్రకు ముందే కేస్‌షీటు పైపేజీలో కనిపించేలా ఉత్తర్వులివ్వండి.

పిల్లల క్యాన్సర్ వైద్యులు, ఫార్మసిస్టులు