చెట్ల సంరక్షణ కమిటీ వార్షిక నివేదిక 2024–25: కంపోస్టు టీ పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది రోడ్ల వెంట ఉన్న కానుగలకు, వేపలకు, పార్కులోని మందారాలకు, నందివర్ధనాలకు కంపోస్టు టీ పోశాం. మాగిన ఎరువును గాలి ఆడించే నీటిలో నానబెట్టి తీసిన ద్రావణమే కంపోస్టు టీ. ఇది ఎరువుకు బదులు కాదని ముందే మనవి. ఇందులో నత్రజని, భాస్వరం కొద్దిగానే ఉంటాయి. మట్టికి సూక్ష్మజీవులను అందించడమే దీని పని. పాదుల్లో కంపోస్టు వేయడం, ఎండుటాకులు కప్పడం ఎప్పటిలాగే సాగాలి.

200 లీటర్ల డ్రమ్ములో 150 లీటర్ల నీళ్లే పోయాలి, నురగ పొంగుతుంది కాబట్టి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది పోవడానికి ముందురోజు రాత్రే నింపి, మూత తీసి, గాలి పంపు ఆడించి ఉంచాలి. పొద్దున అయిదు కిలోల బాగా మాగిన వానపాముల ఎరువును నైలాన్ జాలీ సంచిలో వదులుగా కట్టి వేలాడదీయాలి. పావుకిలో బెల్లం కరిగించి పోయాలి. నిమిషానికి 60 లీటర్ల గాలినిచ్చే పంపు 24 గంటలు ఆగకుండా ఆడాలి. అక్వేరియం పంపు దీనికి చాలదు.

చెడిపోయేదల్లా గాలి దగ్గరే. బెల్లం ఎక్కువైతే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి, నీటిలోని ఆక్సిజన్‌ను పంపు ఇచ్చేదానికంటే వేగంగా వాడేస్తుంది. ఎండాకాలం ఇంకా కష్టం. 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 40 డిగ్రీల దగ్గర 6.4 మాత్రమే. అందుకే ఏప్రిల్, మే నెలల్లో డ్రమ్మును నీడలో పెట్టి, బెల్లం సగానికి తగ్గించి, 18 గంటలకే దించేయాలి. సంచిని బిగించి కట్టినా చెడుతుంది. విప్పి చూస్తే పైపొర బాగానే ఉంటుంది, నడిమి ముద్ద మాత్రం నల్లగా, జిగటగా, మురుగు కంపు కొడుతుంది. మంచి టీకి తొలకరి మట్టి వాసన ఉంటుంది. పుల్లటి వాసన వస్తే మొక్కలకు పోయకండి, కంపోస్టు కుప్ప మీద పారబోయండి. కరెంటు పోయి చాలాసేపు పంపు ఆగినా ముందు వాసన చూడాల్సిందే.

పంపు ఆపిన నాలుగు గంటల్లోపు, సాయంత్రం పూట వాడాలి. పాదులకైతే టీ ఎంతో నీళ్లూ అంతే కలపాలి. ఆకులపై పిచికారీకి వడకట్టి, ఒకటికి పదింతలు నీళ్లు కలపాలి. కరివేపాకు, తులసి, ఆకుకూరల మీద మాత్రం చల్లవద్దు. బెల్లంతో హానికర బ్యాక్టీరియా కూడా పెరగగలదు. పని కాగానే డ్రమ్ము, పైపులు, గాలిరాళ్లు (పైపు చివర గాలిని బుడగలుగా వదిలేవి) రుద్ది కడగాలి. లోపల పట్టిన జిగట పొర తర్వాతి టీని పాడుచేస్తుంది.

మాను మొదట్లో పోస్తే ప్రయోజనం తక్కువ. నీళ్లు పీల్చే సన్న వేళ్లు కొమ్మల అంచు కింద ఉంటాయి, అక్కడ చుట్టూ పోయాలి. ఆ చోటంతా సిమెంటు పరిస్తే ఏ టీ పోసినా కాలువ పాలే. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన గేట్ల ముందు చెట్లకూ ఆ మీటరు వదలమని సభ్యులను గట్టిగా కోరుతున్నాం.

వేపల కొమ్మలు చివర్ల నుంచి ఎండడం గురించి చాలామంది అడుగుతున్నారు. అది ఫోమాప్సిస్ శిలీంధ్రం తెచ్చే తెగులు, కంపోస్టు టీతో నయం కాదు. ఎండిన కొమ్మలు కోసి అక్కడినుంచి తీసేయించాలి, పాదులో తేమ నిలపాలి.

వచ్చే ఏడాది పంపుకు ఇన్వర్టర్ కొనాలని ప్రతిపాదిస్తున్నాం. సర్వసభ్య సమావేశం ఆమోదించాలని మనవి.