పిక్సెళ్ల లెక్క ఒక్కటే చూసి వెబ్‌క్యామ్ కొనవచ్చా?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక సాంకేతిక పుటలో కొత్త వెబ్‌క్యామ్‌ల పరిచయం వచ్చినప్పుడల్లా రిజల్యూషన్ గురించే, అంటే చిత్రంలో ఎన్ని పిక్సెళ్లు (చిన్న చుక్కలు) ఉంటాయన్న దాని గురించే ఎక్కువగా రాస్తున్నారు. రోజువారీ అవసరానికి కెమెరా పనికివస్తుందా లేదా అన్నది తేల్చే విషయాలు వేరే ఉన్నాయి. వాటికి కూడా ఆ పుటలో చోటు కల్పించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

720పి, 1080పి, 4కే అనేవి రిజల్యూషన్ స్థాయిల పేర్లు. 720పి చిత్రంలో సుమారు 9.2 లక్షల పిక్సెళ్లు, 1080పిలో 20.7 లక్షలు, 4కేలో దాదాపు 83 లక్షలు ఉంటాయి. కానీ వీడియో కాల్‌లో కెమెరా తీసిన చిత్రం ఉన్నదున్నట్టుగా అవతలివారికి చేరదు. యాప్ దాన్ని కుదిస్తుంది, ఇంటర్నెట్ వేగాన్ని బట్టి స్పష్టతను ఇంకా తగ్గిస్తుంది. చాలాసార్లు అవతలి తెరపై కనిపించేది 720పి, లేదా అంతకన్నా తక్కువే. కేవలం మాట్లాడుకోవడానికే కెమెరా కావలసినవారు 4కే కోసం అదనంగా ఖర్చుపెట్టనవసరం లేదు. పాఠాలు రికార్డు చేసుకునేవారి సంగతి వేరు, వారికి 1080పి ఉంటేనే మంచిది.

అసలు పరీక్ష వెలుతురు దగ్గరే మొదలవుతుంది. వెబ్‌క్యామ్‌లో కాంతిని చిత్రంగా మార్చే సెన్సార్ చాలా చిన్నది. అదే పరిమాణంలో ఎక్కువ పిక్సెళ్లు ఇరికిస్తే ఒక్కోదానికి అందే కాంతి తగ్గిపోతుంది. రాత్రి ఒకే బల్బు వెలిగే గదిలో కెమెరా ఆ లోటును పూడ్చుకోవడానికి ఒక్కో ఫ్రేముకు (వీడియోలోని ఒక్కో చిత్రానికి) ఎక్కువ సమయం తీసుకుంటుంది కనుక, పెట్టె మీద సెకనుకు 30 ఫ్రేములని రాసి ఉన్నా అవి సగానికి పడిపోవచ్చు. అప్పుడు చెయ్యి ఊపితే వేళ్లు విడిగా కనిపించక ఒకే మసక చారగా సాగుతాయి, గోడ నిండా రంగురంగుల చుక్కలు కదులుతుంటాయి. పగలైనా వెనుక కిటికీ ఉంటే ముఖం నల్లబడుతుంది. ఎదురుగా ఒక టేబుల్ ల్యాంపు పెట్టుకుంటే సాధారణ కెమెరా కూడా ఎంతో మెరుగ్గా పనిచేస్తుందన్న సంగతి కొనేవారికి ఎవరూ చెప్పడం లేదు, ఇది నిజంగా బాధాకరం.

ఫోకస్ విషయంలోనూ ఖరీదైనదే మేలని అనుకోనక్కరలేదు. ఫోకస్ దూరం మారని ఫిక్స్‌డ్ ఫోకస్ కెమెరా చేయి చాపినంత దూరంలోని ముఖాన్ని చక్కగా చూపుతుంది. కానీ విద్యార్థి నోటుపుస్తకాన్ని లెన్స్ దగ్గరకు తెస్తే పెన్సిల్ అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అందువల్ల కాగితాలో వస్తువులో దగ్గరగా చూపించవలసినవారికి, దూరాన్ని బట్టి ఫోకస్‌ను తానే సరిచేసుకునే ఆటోఫోకస్ తప్పనిసరి. ముఖం మాత్రమే చూపేవారికి ఫిక్స్‌డ్ ఫోకసే హాయి, ఎందుకంటే నాసిరకం ఆటోఫోకస్ తల కదిలినప్పుడల్లా చిత్రాన్ని మసకబార్చి మళ్లీ సరిచేస్తూ చూసేవారిని విసిగిస్తుంది.

చిత్రంలో ఎంత వెడల్పు పడుతుందన్నది కూడా చూసుకోవాలి. ఒక్కరే కూర్చుంటే 60 నుంచి 78 డిగ్రీల కోణం చాలు. 90 డిగ్రీలు నలుగురు కలిసి కూర్చునే కాల్‌కు అనుకూలమే గానీ, ఒంటరిగా మాట్లాడేవారి వెనుక గదంతా బయటపెడుతుంది. లెన్స్‌ను మూసే చిన్న తలుపు ఉందో లేదో అడగడం మరవకూడదు.

ఇకపై వెబ్‌క్యామ్‌ను పరిచయం చేసేటప్పుడు పగటి వెలుతురులో ఒకటి, రాత్రి ఒకే బల్బు కింద ఒకటి, అరచేతి దూరంలో పట్టుకున్న అచ్చుకాగితానిది ఒకటి చొప్పున ఫొటోలు ప్రచురించవలసిందిగా మనవి. ఫోకస్ రకం, చిత్రకోణం, మసక వెలుతురులో ఫ్రేముల వేగం కూడా పెట్టె మీద ముద్రించాలని తయారీదారులను మీ పత్రిక ద్వారా అడగండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు